కరెంటు పోయింది... కుళాయీ ఆగింది!

బయట చూస్తే తెల్లటి మంచు. లోపల చూస్తే చిమ్మచీకటి. స్విచ్చి వేస్తే దీపం వెలగదు. కుళాయి తిప్పితే చుక్క రాలదు. ఇదేదో మారుమూల పల్లెలో కాదు... అమెరికాలో మరే రాష్ట్రమూ తీయనంత చమురూ గ్యాసూ తవ్వితీసే టెక్సాస్‌లో! 2021 ఫిబ్రవరిలో విరుచుకుపడిన మంచు తుపాను అక్కడి జనాన్ని వణికించింది. దాంతోపాటే, ఏ ఇంటికైనా పనికొచ్చే పాఠాన్నీ నేర్పింది.

ఫిబ్రవరి 14, ఆదివారం. ప్రేమికుల రోజు. మర్నాడు సెలవు. డల్లాస్ పరిసరాల్లో వీధులన్నీ దూది పరిచినట్లున్నాయి. ఏడాదంతా ఎండలకు అలవాటు పడిన ఊళ్లలో మంచు కురవడమే ఓ వింత. పిల్లలు మంచుబొమ్మలు చేశారు. పెద్దలు ఫొటోలు తీసి హైదరాబాద్‌లో, విజయవాడలో ఉన్న అమ్మానాన్నలకు పంపించారు. డల్లాస్ చుట్టూ ఉన్న ఫ్రిస్కో, ప్లానో, ఇర్వింగ్, హ్యూస్టన్ పక్కనున్న కేటీ, షుగర్‌ల్యాండ్, ఆస్టిన్ దగ్గరి రౌండ్‌రాక్... తెలుగు కుటుంబాలు వేల సంఖ్యలో ఉండే ఊళ్లే ఇవన్నీ.

ఆ సరదా అర్ధరాత్రి దాకానే. ఒంటిగంట దాటాక దీపాలు ఆరిపోవడం మొదలైంది. ఓ అరగంట, మహా అయితే గంట... వచ్చేస్తుందిలే అనుకుని ఇంకో దుప్పటి కప్పుకుని పడుకున్నారు జనం. తెల్లారింది. కరెంటు రాలేదు. మధ్యాహ్నమైంది. రాలేదు. బయట ఉష్ణోగ్రత ఇంకా పడిపోతూనే ఉంది. 16వ తేదీ ఉదయానికి డల్లాస్‌లో మైనస్ 19 డిగ్రీలు! 1949 తర్వాత ఆ ఊరు అంత చలి ఎరగదు. సముద్రానికి దగ్గరగా ఉండే హ్యూస్టన్‌లోనూ మైనస్ పది డిగ్రీలకు పడిపోయింది. మన లంబసింగిలో సున్నాకి దగ్గరైతేనే పత్రికల్లో వార్త. అలాంటిది అంత చలిలో హీటర్ లేని ఇల్లంటే... ఇటుక గోడల ఫ్రిజ్జే.

రాష్ట్రంలోని 254 కౌంటీలకూ ఒకేసారి మంచు తుపాను హెచ్చరిక జారీ అయింది. 45 లక్షలకు పైగా ఇళ్లూ దుకాణాలూ చీకట్లో మునిగాయి. ఆ తర్వాత హ్యూస్టన్ విశ్వవిద్యాలయం జరిపిన సర్వేలో ప్రతి పదిమందిలో దాదాపు ఏడుగురు తమకు కరెంటు పోయిందని చెప్పారు. అదీ సగటున 42 గంటలు. సగం మందికి నీళ్లు ఆగిపోయాయి. సగటున 52 గంటలు. అంటే... కరెంటు కన్నా నీళ్లే ఎక్కువసేపు ఏడిపించాయన్నమాట!

నాలుగున్నర నిమిషాల దూరంలో...

చలికి జనం కరెంటు ఎక్కువ వాడారు, అందుకే పోయింది... పైకి కనిపించే కారణం ఇదే. అది సగం నిజమే. టెక్సాస్‌లో సగానికి పైగా ఇళ్లను వెచ్చబరిచేది కరెంటే. ఆదివారం సాయంత్రానికి వాడకం 69 వేల మెగావాట్లు దాటింది. చలికాలంలో అప్పటికి అది రికార్డు. సరిగ్గా అప్పుడే ఒకదాని తర్వాత ఒకటిగా విద్యుత్కేంద్రాలు మొరాయించాయి.

మోయలేనంత బరువేస్తే ఎడ్లబండి నడక నెమ్మదిస్తుంది కదా... గ్రిడ్ కూడా అంతే. ఉత్పత్తికన్నా వాడకం ఎక్కువైతే జనరేటర్ల వేగం తగ్గుతుంది. అమెరికాలో కరెంటు సెకనుకు 60 సార్లు ముందుకీ వెనక్కీ ఊగుతూ ప్రవహిస్తుంది. మన దగ్గర 50 సార్లు. ఆ లెక్క కొద్దిగా తగ్గినా ప్రమాదమే. టెక్సాస్‌లో అది 59.4 కన్నా దిగువన తొమ్మిది నిమిషాలపాటు ఉండిపోతే జనరేటర్లు తమను తాము కాపాడుకోవడానికి గ్రిడ్ నుంచి విడిపోతాయి. 15వ తేదీ తెల్లవారుజామున రెండు గంటలకు కాస్త ముందు ఆ గీత దాటి కిందికి దిగింది. ఆ సమయానికి హైదరాబాద్‌లో మధ్యాహ్నం ఒంటిగంటన్నర కావస్తోంది. ఇక్కడ భోజనాలు చేస్తున్న వేళ అక్కడ కంట్రోల్ రూమ్‌లో ఇంజినీర్లు ఊపిరి బిగబట్టి లైన్ల మీద లైన్లు తెంపేస్తున్నారు.

నాలుగు నిమిషాల 23 సెకన్ల తర్వాత ఆ లెక్క మళ్లీ పైకి లేచింది. ఇంకో నాలుగు నిమిషాల 37 సెకన్లు అలాగే ఉంటే రాష్ట్రమంతా ఒక్కసారిగా చీకటైపోయేది. దాన్ని మళ్లీ నిలబెట్టడానికి వారాలో నెలలో పట్టేదని గ్రిడ్‌ని నడిపే సంస్థ ఎర్కాట్ ఆ తర్వాత చెప్పింది.

గ్రిడ్‌ని కాపాడుకోవడానికి ఒక దశలో కోసిన కరెంటు 20 వేల మెగావాట్లు. పోల్చి చూడాలంటే... 2025 మార్చిలో తెలంగాణ రాష్ట్రమంతా కలిసి వాడిన రికార్డు కరెంటు సుమారు 17 వేల మెగావాట్లు. ఇలా కావాలని కరెంటు కోయడంలో అమెరికా చరిత్రలో అదే అతిపెద్దది. మామూలుగా అయితే కోతని వంతులవారీగా తిప్పుతారు. ఈ వీధిలో కాసేపు, ఆ వీధిలో కాసేపు. కానీ ఆస్పత్రులూ అత్యవసర సేవలూ ఉన్న లైన్లను వదిలేశాక తిప్పడానికి లైన్లే మిగల్లేదు. పోయినవాళ్లకి పోయినట్లే ఉండిపోయింది. ఉన్నవాళ్లకి ఉన్నట్లే. ఖాళీ ఆఫీసు భవనాలు రాత్రంతా దీపాలతో మెరిసిపోతుంటే కొద్ది దూరంలోని ఇళ్లలో పసిపిల్లల్ని గుండెకి హత్తుకుని తల్లులు చీకట్లో కూర్చున్నారు.

అన్నీ ఒకే గొలుసులో!

ఇంతకీ విద్యుత్కేంద్రాలు ఎందుకు ఆగినట్లు? ఆ తుపాను సమయంలో దక్షిణాది రాష్ట్రాల్లో మొత్తం 1,045 విద్యుదుత్పత్తి యూనిట్లు దెబ్బతిన్నట్లు కేంద్ర సంస్థల దర్యాప్తులో తేలింది. ప్రధాన కారణం యంత్రభాగాలు గడ్డకట్టడం. రెండోది ఇంధనం అందకపోవడం. గాలిమరల రెక్కల మీద మంచు పేరుకుంది. బొగ్గు, గ్యాస్ కేంద్రాల్లో గొట్టాలు బిగుసుకుపోయాయి. ఓ అణు విద్యుత్ యూనిట్ కూడా ఆగిపోయింది. దాని రియాక్టర్‌కేమీ కాలేదు. నీటి పంపుల ఒత్తిడిని కొలిచే సన్నటి గొట్టం ఒకటి గడ్డకట్టింది... అంతే!

అసలు చిక్కు గ్యాస్ దగ్గరుంది. టెక్సాస్‌లో కరెంటు తయారీకి ప్రధాన ఇంధనం సహజవాయువు. చలికి గ్యాస్ బావుల మూతులే గడ్డకట్టాయి. గడ్డకట్టని చోట గ్యాస్‌ని తోసే కంప్రెసర్లకు కరెంటు కావాలి. కోత పెట్టిన లైన్లలో ఆ కంప్రెసర్లవీ ఉన్నాయి! అవి అత్యవసరమైనవని యజమానులు ముందే నమోదు చేయించలేదు మరి. కరెంటు లేక గ్యాస్ రాలేదు. గ్యాస్ లేక కరెంటు తయారవలేదు.

పొరుగు రాష్ట్రాలు ఆదుకోలేదా అంటే... ఆ దారీ ఇరుకే. అమెరికా గ్రిడ్లు ప్రధానంగా మూడు. తూర్పుది ఒకటి, పడమటిది ఒకటి, మూడోది టెక్సాస్ సొంతం. కేంద్రం పెత్తనం లేకుండా ఉండాలని విడిగా పెట్టుకున్న ఆ గ్రిడ్‌కి బయటి నుంచి కరెంటు తెచ్చుకునే లైన్లు చాలా తక్కువ. అదే రాష్ట్రంలో ఉన్నా పడమటి గ్రిడ్‌లో కలిసి ఉన్న ఎల్‌పాసో నగరం మాత్రం పెద్దగా ఇబ్బంది పడలేదు. 2011లో వచ్చిన చలి దెబ్బకి బుద్ధి తెచ్చుకుని అక్కడి విద్యుత్ సంస్థ తన యంత్రాలకు చలి తట్టుకునే ఏర్పాట్లు చేయించింది. ఆ ఏర్పాట్లు చేసుకోమని మిగతావారికీ అప్పుడే సలహా ఇచ్చారు. కానీ అది సలహాయే, చట్టం కాదు. చాలామంది పట్టించుకోలేదు.

గొట్టం పగిలిన చప్పుడు

కరెంటు పోయిన రెండో రోజున అసలు కష్టం మొదలైంది. కుళాయిలో ధార సన్నబడింది. తర్వాత బొట్టు బొట్టు. తర్వాత అదీ లేదు.

మన ఇళ్ల మీద నీళ్ల ట్యాంకు ఉంటుంది. కరెంటు పోయినా పైనున్న నీళ్లు కిందికి వస్తాయి. టెక్సాస్ ఇళ్ల మీద ట్యాంకులు ఉండవు. ఊరి పైపుల్లోని ఒత్తిడితోనే నేరుగా కుళాయికి నీళ్లొస్తాయి. శుద్ధి కేంద్రానికో పంపులకో కరెంటు పోతే ఊరంతా ఎండిపోతుంది. దానికి ఇంకోటి తోడైంది. నీరు గడ్డకడితే తొమ్మిది శాతం దాకా ఉబ్బుతుంది. ఆ ఒత్తిడికి గొట్టాలు నిలవలేదు. చలి దేశాల్లో గొట్టాల్ని నేలలో లోతుగా, గోడల్లో లోపలివైపుగా వేస్తారు. ఎండలకు కట్టిన టెక్సాస్ ఇళ్లలో చాలావాటికి బయటి గోడల్లోంచీ పైకప్పు కింది అటకలోంచీ వెళ్తాయి. గొట్టం పగిలిన సంగతి అప్పుడు తెలియదు. మంచు కరిగినప్పుడు తెలుస్తుంది. ఒక్కసారిగా సీలింగు కూలి వాననీళ్లలా హాల్లోకి కురిసినప్పుడు!

గడ్డకట్టకుండా ఉండాలంటే కుళాయిల్ని సన్నగా కారనివ్వడం ఓ ఉపాయం. లక్షల ఇళ్లలో అలాగే చేశారు. ఆ వాడకం, వేల ఇళ్లలో పగిలిన గొట్టాల వృథా కలిసి ఊళ్ల రిజర్వాయర్లు ఖాళీ అయ్యాయి. ఒత్తిడి పడిపోతే బయటి మురికి గొట్టాల్లోకి చొరబడే ప్రమాదం ఉంది. దాంతో నీళ్లు మరిగించి తాగమని ఊరూరా ప్రకటించారు. ఒక దశలో సుమారు కోటీ 40 లక్షల మందిది అదే పరిస్థితి. రాష్ట్ర జనాభాలో దాదాపు సగం! కానీ కరెంటు పొయ్యి తప్ప మరోటి లేని ఇంట్లో... మరిగించడం దేనిమీద?

హ్యూస్టన్‌లో ఆ నిబంధన 21న తీసేశారు. ఆస్టిన్‌లో 23 దాకా ఆగాల్సి వచ్చింది. మిసిసిపీ రాష్ట్ర రాజధాని జాక్సన్‌లోనైతే వేలాది ఇళ్లకు వారాల తరబడి నీళ్లు లేవు. అక్కడి గొట్టాలు అంతకు ముందే పాతబడి ఉన్నాయి. చలి వాటి ప్రాణం తీసింది.

ఇల్లంతా ఒకే గదిలో

ఆ నాలుగు రోజులూ జనం ఎలా గడిపారు? తోచినట్లల్లా గడిపారు.

ఇంట్లో నాలుగు గదులుంటే మూడింటికి తలుపులు వేసేశారు. కిటికీలకు దుప్పట్లు కట్టి, తలుపుల సందుల్లో తువ్వాళ్లు కుక్కి, పరుపులన్నీ ఒకే గదిలో పరిచారు. పిల్లల ఆట గుడారం హాల్లో వేసి అందులో దూరినవాళ్లున్నారు. గుడారం చిన్నది కాబట్టి ఒంటి వేడికే కాస్త వెచ్చబడుతుంది. ఒకదాని మీద ఒకటిగా మూడు చొక్కాలు, రెండు జతల మేజోళ్లు, నెత్తిన టోపీ. పగలు ఎండ పడే కిటికీ తెర తీయడం, సాయంత్రం కాగానే మూసేయడం. నెగళ్లున్నవాళ్లు కట్టెలు అయిపోయాక పాత కుర్చీల్నీ పెరటి దడి చెక్కల్నీ కూడా పొయ్యిలో పెట్టారు.

మరుగుదొడ్డికి నీళ్లు? బయటే ఉన్నాయి... మంచు రూపంలో. బక్కెట్లతో మంచు తెచ్చి స్నానాల తొట్టిలో పోసి కరగబెట్టారు. పది బక్కెట్ల పొడిమంచు కరిగిస్తే వచ్చేది ఒక బక్కెట్ నీళ్లు. ఒక్కసారి ఫ్లష్ చేయడానికి ఆరు లీటర్లు కావాలి. లెక్క వేసుకుంటే ఇంటిల్లిపాదికీ రోజంతా అదే పని. అపార్ట్‌మెంట్లలో ఈత కొలను నీళ్లు తోడుకున్నారు. వీధుల్లో నీళ్ల సీసాలు పంచేచోట కిలోమీటర్ల పొడవున కార్లు బారులు తీరాయి.

గ్యాస్ పొయ్యి ఉన్న ఇళ్లు కాస్త నయం. కరెంటుతో వెలిగే పొయ్యే అయినా చాలావాటిని అగ్గిపుల్లతో అంటించొచ్చు. పప్పూ బియ్యం సంచులతో, ఊరగాయ జాడీలతో ఉండే తెలుగు వంటిళ్లలో ఆకలికి లోటు రాదు. ప్రెషర్ కుక్కర్‌లో కిచిడీ పడేస్తే ఓ పూట గడిచిపోతుంది. కానీ మొత్తం కరెంటు మీదే నడిచే ఇంట్లో బియ్యం బస్తా ఉండీ లాభం లేదు. బ్రెడ్డూ అటుకులూ పళ్లే గతి.

సెల్‌ఫోన్ ఛార్జింగ్ కోసం కారెక్కి కూర్చున్నారు. టవర్ల బ్యాటరీలు అయిపోయిన చోట్ల సిగ్నళ్లూ పోయాయి. అన్నిటికీ మించి అది కరోనా కాలం. పక్కింట్లో కరెంటుంటే వెళ్లి తలదాచుకోవాలా, వద్దా? ఆ రోజుల్లో అదీ పెద్ద ప్రశ్నే.

వెచ్చదనమే విషమైతే...

ఆ తుపాను టెక్సాస్‌లో 246 మందిని పొట్టన పెట్టుకుందని రాష్ట్ర ఆరోగ్య శాఖ తేల్చింది. వారిలో 161 మంది, అంటే దాదాపు మూడింట రెండొంతుల మంది, ఒంట్లో వేడి పడిపోయి పోయినవారు. వీరిలో చాలామంది మంచులో దారితప్పినవారు కాదు. సొంత ఇంట్లో, సొంత మంచం మీద, దుప్పటి కప్పుకుని ఉన్నవారు. ముసలివాళ్లకు చలి తెలిసే శక్తి తగ్గుతుంది. వణుకు ఆగిపోతుంది, మాట తడబడుతుంది, మగత కమ్ముతుంది... నిద్రపోతున్నారనుకుంటాం. అది నిద్ర కాదు.

మరో 19 మందిని చంపింది చలి కాదు, దాన్నుంచి తప్పించుకోబోయిన ప్రయత్నం. గరాజ్ తలుపు మూసి కారు ఇంజిన్ వేసి కూర్చున్నారు. పెరట్లో మాంసం కాల్చుకునే బొగ్గుల కుంపటిని ఇంట్లోకి తెచ్చుకున్నారు. జనరేటర్‌ని గుమ్మం పక్కనే పెట్టారు. వీటన్నిటి నుంచీ వచ్చేది కార్బన్ మోనాక్సైడ్. రంగుండదు, వాసనుండదు. తలనొప్పి, వికారం, కళ్లు తిరగడం... ఆపైన స్పృహే ఉండదు. ఆ వారంలో ఈ విషవాయువు బారిన పడి ఆస్పత్రులకు పరుగెత్తినవారు వెయ్యిమందికి పైనే. చలికాలంలో మన ఊళ్లలోనూ గది తలుపులు బిగించి లోపల బొగ్గుల కుంపటి పెట్టుకునేవాళ్లున్నారు. వారికీ ఇదే హెచ్చరిక.

చేయి అందించినవారు

కష్టంలో మనిషి బయటపడతాడంటారు. హ్యూస్టన్‌లో గ్యాలరీ ఫర్నిచర్ యజమాని జిమ్ మెకింగ్‌వేల్ తన భారీ షోరూముల తలుపులు తెరిచేశారు. జనరేటర్లతో వెచ్చగా ఉన్న ఆ షోరూముల్లో అమ్మకానికి పెట్టిన సోఫాల మీదా పరుపుల మీదా జనం పడుకున్నారు. 2017లో హార్వీ తుపాను వరదలప్పుడూ ఆయన అదే చేశారు.

ఆస్టిన్‌కి ఉత్తరాన లియాండర్‌లో ఓ సూపర్‌మార్కెట్‌లో జనం సరుకులు కొనుక్కుంటుండగా కరెంటు పోయింది. బిల్లులు వేసే యంత్రాలు ఆగాయి. బళ్ల నిండా సరుకులతో వరసలో నిలబడ్డవాళ్లని సిబ్బంది అలాగే వెళ్లిపోనిచ్చారు. డబ్బు అడగలేదు.

హ్యూస్టన్ ఉన్న హారిస్ కౌంటీలో కరోనా టీకాలు దాచిన చోట కరెంటు పోయింది. దానికి పెట్టిన జనరేటరూ మొరాయించింది. అలా చిక్కుల్లో పడ్డవి 8,400 డోసులు. పాడైపోయేలోగా వేసేయాలి. రోడ్లు మంచుతో జారుతున్నాయి. జనం ఎక్కడెక్కడ ఒకేచోట ఉంటారు? ఆస్పత్రులు, రైస్ విశ్వవిద్యాలయం, జైలు! అధికారులు అక్కడికి పరుగెత్తారు. అనుకోకుండా వేలమందికి ఆ రోజు టీకా పడింది.

దక్షిణ కొసన సౌత్ పాడ్రే దీవిలో సముద్రం చల్లబడి తాబేళ్లు కదల్లేక తేలిపోయాయి. స్థానికులు పడవల్లోనూ ట్రక్కుల్లోనూ తెచ్చి అక్కడి కన్వెన్షన్ సెంటర్ నేల మీద వరసగా పేర్చారు... ఒకటీ రెండూ కాదు, వేల తాబేళ్లు!

మంచు కరిగాక ఇతర రాష్ట్రాల నుంచి ప్లంబర్లు దిగారు. గొట్టాల ముక్కలకీ బిగింపులకీ కరవొచ్చింది. మొత్తం నష్టం 8 వేల కోట్ల నుంచి 13 వేల కోట్ల డాలర్ల దాకా ఉండొచ్చని డల్లాస్‌లోని ఫెడరల్ రిజర్వ్ బ్యాంకు అంచనా కట్టింది. యూనిట్ కరెంటు టోకు ధర 9 డాలర్లకు ఎగబాకింది. మార్కెట్ ధర ప్రకారం చెల్లించే పథకాల్లో చేరిన కొందరికి వేల డాలర్ల బిల్లులు వచ్చాయి.

హుద్‌హుద్ నేర్పింది... అక్కడా అదే

ఇదంతా ఎక్కడో జరిగిన కథలా అనిపించొచ్చు. విశాఖవాసులకు మాత్రం అలా అనిపించదు. 2014 అక్టోబరు 12న హుద్‌హుద్ ఆ నగరాన్ని తాకింది. చెట్లు, స్తంభాలు కూలి కరెంటు పోయింది. మోటార్లు తిరగక ట్యాంకులు ఖాళీ అయ్యాయి. పాల ప్యాకెట్ కోసం, బక్కెట్ నీళ్ల కోసం, పెట్రోలు కోసం రోజుల తరబడి వరసలు. అక్కడ ఈదురుగాలి, ఇక్కడ మంచు. తుపాను రంగు వేరు, ఇంట్లో కష్టం ఒక్కటే. కరెంటు, నీళ్లు, వంట, ఫోను... నాలుగూ ఒకే తాడుకి కట్టి ఉన్నాయి. ఒకచోట తెగితే అన్నీ జారిపోతాయి.

అందుకే పాత అలవాట్లను వెక్కిరించకూడదు. రాత్రి పడుకునే ముందు రెండు బిందెలు నింపిపెట్టే అమ్మమ్మ, దీపం బుడ్డీ అగ్గిపెట్టే ఎక్కడున్నాయో చీకట్లోనైనా చెప్పగల తాతయ్య... వాళ్ల ఇళ్లలో కరెంటు పోతే పని ఆగేది కాదు. అన్నీ స్విచ్చికే అప్పగించిన ఇంట్లోనే ఆగిపోతుంది. టెక్సాస్‌లో ఆ వారాన్ని నెట్టుకొచ్చిన ఇళ్లన్నీ ఏదో ఒక రూపంలో ఈ పాత పద్ధతినే ఆశ్రయించాయి. నిండిన తొట్టె, అగ్గిపుల్లతో వెలిగే పొయ్యి, పలకరించే పక్కింటివాళ్లు.

ప్రభుత్వమూ కదిలింది. విద్యుత్కేంద్రాలు చలిని తట్టుకునే ఏర్పాట్లు చేసుకోవాల్సిందేనని 2021 జూన్‌లో టెక్సాస్ చట్టం చేసింది. గ్యాస్ వ్యవస్థలో ఏవేవి అత్యవసరమో గుర్తించి నమోదు చేయమంది. ఆ తర్వాత పెద్ద పెద్ద బ్యాటరీ కేంద్రాలూ సౌర విద్యుత్కేంద్రాలూ వచ్చి చేరాయి. 2022 డిసెంబరులో, 2024 జనవరిలో మళ్లీ గడ్డకట్టే చలి వచ్చింది. ఆ రెండుసార్లూ గ్రిడ్ నిలబడింది, కోతలు పెట్టాల్సిన అవసరం రాలేదు. పదేళ్ల ముందు సలహాగా వచ్చినప్పుడే పాటించి ఉంటే... 246 కుటుంబాల్లో చాలామంది ఈ మాటే అనుకుని ఉంటారు.

కరెంటూ నీళ్లూ పోతే... ఇవి గుర్తుంచుకోండి

* తుపాను హెచ్చరిక రాగానే బిందెలు, బక్కెట్లు, తొట్టెలు నింపుకోండి. తాగడానికీ వంటకీ మనిషికి రోజుకు నాలుగు లీటర్లు కావాలి. కనీసం మూడు రోజులకు సరిపడా ఉంచుకోండి.

* ఇంటికి నీళ్లొచ్చే ప్రధాన వాల్వు ఎక్కడుందో ఇంట్లో అందరికీ తెలియాలి. గొట్టం పగిలితే ముందు కట్టేయాల్సింది దాన్నే.

* గడ్డకట్టే చలి ఉండే దేశంలో ఉన్నవాళ్లు సింకు కింది అల్మరా తలుపులు తెరిచి ఉంచాలి. గది వేడి గొట్టాలకు తగులుతుంది. గడ్డకట్టిన గొట్టాన్ని మంటతో కాల్చకూడదు.

* మరిగించి తాగమంటే, నీళ్లు తెర్లడం మొదలయ్యాక కనీసం ఒక నిమిషం అలాగే ఉంచాలి. పసిపిల్లల పాలకీ, పళ్లు తోముకోవడానికీ ఆ నీళ్లే వాడాలి.

* ఫ్రిజ్ తలుపు తెరవకుండా ఉంచితే లోపలివి నాలుగు గంటలు, నిండుగా ఉన్న ఫ్రీజర్ అయితే 48 గంటలు నిలుస్తాయి. ఏమున్నాయో చూద్దామని మాటిమాటికీ తెరవొద్దు.

* కుంపటి, జనరేటర్, కారు ఇంజిన్... ఏదీ ఇంట్లోనో మూసిన గరాజ్‌లోనో వద్దు. జనరేటర్ ఇంటికి కనీసం ఆరు మీటర్ల దూరంలో ఉండాలి. బ్యాటరీతో పనిచేసే కార్బన్ మోనాక్సైడ్ అలారం ఉంటే మంచిది.

* ఇన్సులిన్ వాడేవారు, ఇంట్లో ఆక్సిజన్ యంత్రం మీద ఉన్నవారు కరెంటు పోతే ఎక్కడికి వెళ్లాలో ముందే అనుకోవాలి.

* ముసలివాళ్లకి వణుకు ఆగి మాట ముద్దగా వస్తుంటే వెంటనే వైద్యసాయం పిలవండి. ఈలోగా పొడి దుప్పట్లతో ముందు ఛాతీని, మెడని వెచ్చబరచండి. స్పృహలో ఉంటే గోరువెచ్చటి తియ్యటి పానీయం ఇవ్వొచ్చు. మద్యం ఇవ్వొద్దు.

* కరెంటు వచ్చాక అన్నీ ఒక్కసారే వేయొద్దు. ఒక్కొక్కటిగా వేసుకోండి.

చివరగా మరొక్కటి. దీనికి డబ్బూ అక్కర్లేదు, సామానూ అక్కర్లేదు. మీ వీధిలో ఒంటరిగా ఉంటున్న పెద్దవాళ్లెవరో తెలుసుకోండి. కరెంటు పోయిన రాత్రి ఒక్కసారి వెళ్లి తలుపు కొట్టండి. "ఎలా ఉన్నారండీ?" అని అడగండి. ఆ వారం టెక్సాస్‌లో ఎన్నో ప్రాణాలు నిలవడానికి ఆ ఒక్క పలకరింపు చాలేదేమో!